పదకొండుకీ, నాలుగుకీ

విల్లివాక్కంలో మా వీధికి
నీళ్ళు ఆరింటికొస్తాయి, ఏడింటికి పోతాయి.
ఆ గంటలోనే కింది వాటా కనకవల్లి
పద్నాలుగు బిందెలు నింపి
కుళాయి కట్టేసి, ఇక దాని వంకే చూడదు.

నేనేమో గిండీ ఆఫీసులో
ఫ్లైఓవర్ అతుకు గీస్తూ గీస్తూ
టింగుమని మెయిలొస్తే చాలు, తలెత్తేదాన్ని.
"దయచేసి గమనించగలరు." గమనించాను.
"మరోసారి గుర్తు చేస్తున్నాం." గుర్తుంది.
ఎవరిదో పుట్టినరోజు కేకు మూడో అంతస్తులో ఉందట,
వెళ్ళేసరికి అట్టపెట్టే మిగిలింది.
తిరిగొచ్చి చూస్తే
నా గీత ఎక్కడ ఆగిందో నాకే తెలీదు.
ఆ వారం నాలుగు మిల్లీమీటర్లు తప్పాను.
సెంగుట్టువన్ సారు తిట్టలేదు,
ఎర్రపెన్నుతో చిన్న సున్నా చుట్టారు, అంతే.

ఇప్పుడు పదకొండింటికోసారి, నాలుగింటికోసారి విప్పుతాను.
రెండు ముక్కల్లో తేలేవి అక్కడికక్కడే,
మిగతావి కాగితం మీదికి, పేర్లతో సహా.
కట్టేస్తాను.

మొదట్లో వేళ్ళు దురదపెట్టేవి.
అర్జెంటని అరిచినవాళ్ళంతా
ఫోన్ చేస్తారనుకున్నాను.
ఒక్కరే చేశారు,
కేకు డబ్బులకి.

నిన్న అతుకు పూర్తయింది.
రోహిణీకార్తె ఎండకి ఎంత సాగుతుందో
డిసెంబరు వానకి ఎంత ముడుచుకుంటుందో లెక్కకట్టి
మధ్యన సందు వదిలాను.
ఇందులో ఏదీ కూరకూడదని
పక్కనే రాశాను, పెద్దక్షరాలతో.