నువ్వుగింజ

నా నోట్లో నువ్వుగింజ నానదని
అమ్మ ఊరంతా చెప్పుకొచ్చేది.
(తనూ దాచుకోలేకపోయింది కదా ఆ మాట.)
ఇవాళ పెరంబూరులో, కాఫీపొడి మిల్లు పై అంతస్తులో
ఆ నోటికే ఒక ప్లాస్టిక్ గొట్టం ఆనించి
గీత దాకా ఉమ్మి నింపమన్నారు.
అరగంట ముందు నుంచీ మంచినీళ్లయినా తాగకూడదట.
కింద గింజలు వేగుతున్న వాసనకి నోరూరింది,
పని సులువైంది.

షెర్లీ అనే అమ్మాయి ఫారం ఇచ్చింది,
ఇంగ్లీషు ఒకవైపు, అరవం ఒకవైపు.
ముప్పై ఏళ్లు బస్సు బోర్డులు చదివి నేర్చిన అరవంతో
కూడబలుక్కుంటూ పోతుంటే
'సమ్మతం' దగ్గర మాత్రం
నాలుక తడబడలేదు.

ఏడు గళ్లు.
మూడోది, మిగిలిన ఉమ్మిని పరిశోధనకు వాడుకుంటామని.
ఐదోది, ఫలితాన్ని అనుబంధ సంస్థలకు చెబుతామని.
"అనుబంధమంటే ఎవరమ్మా?"
మా ఇంట్లో ఆ మాటకి అర్థం వేరు.
షెర్లీ తలుపు వైపు ఓసారి చూసి,
"అది ఖాళీగా వదిలేయండక్కా,
అందరూ తొందరలో టిక్కు పెట్టేస్తారు" అంది.

ముందురోజు రాత్రి వేలూరు నుంచి దమయంతి.
"వద్దక్కా, చేయించుకోకు.
అమ్మకొచ్చిందే పిన్నికీ వచ్చింది, చాలు.
నీకుందని తేలితే నాకు సగం తేలినట్టే.
పాలసీ కాగితంలో అడుగుతారు.
తెలియకపోతే తెలియదని రాస్తాను.
తెలిస్తే అబద్ధమైనా ఆడాలి, రెట్టింపైనా కట్టాలి.
నాకు రెండూ చేతకావు."

"నా ఒంట్లో ఏముందో తెలుసుకోవడానికి
నీ సమ్మతి కావాలా?" అన్నాను.
అనేశాక
అవతల చాలాసేపు ఫ్యాను చప్పుడు.
చిన్నప్పుడు ఉట్టి మీది బెల్లం ఇద్దరం దొంగిలించాం.
చెప్పేసింది నేను.
దెబ్బలు తిన్నది తను.

నా రక్తం నాదేననుకున్నాను ఇన్నాళ్లూ.
దమయంతికి అందులో సగం వాటా,
పదకొండేళ్ల మేదినికి సగం,
రేపెప్పుడో దాని కడుపున పుట్టేవాళ్లకి పావలా,
వాళ్ల పిల్లలకి బేడ.
ఉమ్మడి స్థలం అమ్మాలంటే
రిజిస్ట్రారు ఆఫీసులో వాటాదార్లంతా నిలబడాలి,
ఫోటోలు, వేలిముద్రలు, ఇద్దరు సాక్షులు.
ఇక్కడ
నా ఒక్కదాని సంతకం చాలట.

తెలుగులో పెట్టాను.
షెర్లీ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి
"ముగ్గులా ఉందక్కా" అంది.
ఎవరికి చెప్పవచ్చు అన్నచోట
'నాకు' అని రాసి, సరిపోదనిపించి
'నాకు మాత్రమే' అని దిద్దాను.

పది రోజులకి బాలమురుగన్ వచ్చాడు,
మా ఆయనతో కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడి కొడుకు,
ఇప్పుడు పాలసీలు అమ్ముతాడు.
కాఫీ తాగి, ట్యాబ్ తీసి, పదకొండో ప్రశ్న:
"ఇంతకుముందు జన్యు పరీక్ష ఏమైనా?"
"ఇది అడగొచ్చని ఎక్కడ రాసుందో చూపించు బాబూ."
నవ్వాడు. మంచి పిల్లాడే.
"నాకూ తెలీదాంటీ. గడి ఖాళీగా ఉంటే
తర్వాతి పేజీ రాదు."

ఒక గడి ఖాళీగా వదలమన్నారు.
ఒక గడి ఖాళీగా వదలనివ్వరు.
"తర్వాత రా" అన్నాను.
పాపం, కప్పు తనే సింకులో పెట్టి వెళ్లాడు.

కవరు గురువారం వచ్చింది.
చదివాను.
ఎక్కడ పెట్టానో చెప్పను.

దమయంతి రోజూ ఫోన్ చేస్తుంది.
టమాటా ధర, మేదిని లెక్కల మార్కులు,
వాళ్ల పైవాళ్ల బోరు మోటారు.
వచ్చిందా అని తను అడగదు.
ఎందుకడగవని నేనడగను.
మధ్యలో ఒక్కోసారి ఇద్దరం ఆగిపోతాం,
లైను ఉందో పోయిందో తెలియనంత సేపు.

అమ్మా, నువ్వుంటే చూసేదానివి.
నాలుక కింద పెట్టుకున్నాను,
ఇరవై మూడు రోజులైంది.
ఇంకా గట్టిగానే ఉంది.