పన్నెండు నిమిషాలు

మా ఆఫీసు గుమ్మం పక్కన గోడకి
అయిదు ఆకుల ఇత్తడి బిళ్ళ ఒకటుంది,
కరెంటు పొదుపుగా వాడే కట్టడమని.
ఉప్పుగాలికి రెండో ఆకు అప్పుడే నల్లబడింది.
వారానికోసారి చింతపండుతో తోముతాను.
నా ఉద్యోగంలో ఆ పని రాసి లేదు.

రాసి ఉన్నవి వేరు.
మంగళవారం డాబా ఎక్కి సోలార్ పలకలు కడగాలి.
పోర్టు మీంచి లేచిన దుమ్ము
సూర్యుడికీ మాకూ మధ్య దుప్పటి పరుస్తుంది.
తుడిచిన గుడ్డ పిండితే
బకెట్లో చిన్న బొగ్గుగని.
కిందికొచ్చి తెర ముందు కూర్చోవాలి.
ఏ గది చల్లగా ఉందో, ఏది ఊరికే వెలుగుతోందో
గీతలు గీతలుగా చెబుతుంది.
తూర్పుగోడ నిండా చిల్లుల ఇటుకలు.
పాత పోస్టాఫీసు మీదుగా సముద్రం
ఏ స్విచ్చీ నొక్కకుండానే లోపలికొచ్చి
ఫైళ్ళలో కాగితాలు ఎగరేస్తుంది.
పేపర్‌వెయిట్ల ఖర్చు మాత్రం ఎవరూ లెక్కెయ్యలేదు.

హుద్‌హుద్ అప్పుడు నేను ఐటీఐ రెండో ఏడు.
కంచరపాలెంలో స్తంభాలు రోడ్డుకి అడ్డంగా పడుకున్నాయి.
ఒక్క కొవ్వొత్తిని మూడు వాటాల వాళ్ళం
వంటకి కాసేపు, పసిపిల్లకి కాసేపు అని పంచుకున్నాం.
అప్పట్నుంచీ ఖాళీ గదిలో దీపం చూస్తే
అన్నం పారబోసినట్టుంటుంది నాకు.
అందుకే ఈ బిల్డింగంటే ఇష్టం.
మనిషి అలికిడి లేకపోతే
పన్నెండు నిమిషాల్లో తనే కళ్ళు మూసుకుంటుంది.

జనన మరణాల విభాగం, రెండో అంతస్తు.
ఆ సాయంత్రం ముసురు.
తెర మీద వెయిటింగ్ హాలు
వెలిగింది, ఆరింది, ఎవరో అటు నడిస్తే వెలిగింది, మళ్ళీ ఆరింది.
పావురం దూరిందేమో, వైరు తప్పేమో అనుకుని
స్క్రూడ్రైవరు పట్టుకుని మెట్లెక్కాను.

చీకట్లో ఒకామె.
చివరి కుర్చీ. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి,
సంచి మీద రెండు చేతులూ.
గుమ్మంలో నేను కదిలితే దీపం వచ్చింది.
చోడిపల్లి ఎర్రమ్మ, జాలారిపేట.

"చెయ్యి ఊపితే వెలుగుద్దమ్మా" అన్నాను.
"ఎవులికి ఊపాల బాబూ?"
సీలింగులో తెల్లటి గుండ్రటి కన్ను చూపించాను.
చాలాసేపు దాన్నే చూసింది.
"నాను కదలకుంటే నేనట్టేనేటి?"

మావైపు 'లే' అనాల్సిన చోట 'నే' పలుకుతుంది.
లేనట్టే అన్నా నేనట్టే అన్నా ఒకటే మాట.
ఆ వేళ దాకా నాకది వినపడలేదు.

వేట నిషేధం ఎత్తేసిన మూడో రోజు పోయిందట బోటు.
ఇద్దరు కుర్రాళ్ళు డ్రమ్ము పట్టుకుని ఒడ్డెక్కారు.
ఆయన ఎక్కలేదు.
"మనిషి దొరక్కుండా కాయితం ఇవ్వరంట.
ఏడేళ్ళు అగుపడకపోతే అప్పుడు పోయినట్టంట.
నాలుగైనాయి."
వేళ్ళు మడవలేదు. లెక్క కొట్టినపిండి.

దీనికి పన్నెండు నిమిషాలు, దానికి ఏడేళ్ళు.
మధ్యలో ఎక్కడుంటారు మనుషులు?
అడగలేదు. అడిగేవాణ్ణి కాను,
నేను కరెంటు మనిషిని.

మాటలు అయిపోయాయి. కన్ను లెక్కపెట్టుకుంటోంది.
దీపం ఆరింది.
ఇద్దరిలో ఎవరమూ చెయ్యూపలేదు.
ఇటుకల చిల్లుల్లోంచి హార్బరు దీపాలు
తడినేల మీద పడి, బోటు కదిలినప్పుడల్లా కదులుతూ,
ఆమె పాదాల దాకా వచ్చి ఆగాయి.

మర్నాడు ఆ హాలు ఒక్కదానికి
పన్నెండుని నలభై చేశాను.
నెలాఖరు పట్టికలో ఆ వరస ఎర్రబడింది.
ఉన్న అయిదాకుల్లో ఒకటి రాలిపోతే
ఎవడిది జవాబంటూ సారు కసిరాడు.
కారణం ఎంచుకోమంది తెర:
తలుపు తెరిచి ఉండుట. వైరు లోపం. శుభ్రపరచుట. ఇతరములు.

ఇతరములు నొక్కాను.
ఒకామె కూర్చుని ఉంది అని కొట్టబోతే
'ఒకామె కూర్చుని ఉం' దగ్గర
గడి నిండిపోయింది.