ఖాళీ తూకం

మణలి సైడింగులో మూడో నంబరు ఇంజన్ని
తమిళవాళ్ళు మూణు అనేవాళ్ళు, మేం మూడు అనేవాళ్ళం.
ఎవరు పిలిచినా ఒకటే జవాబు:
ముందు దగ్గు, తర్వాత నల్లటి పొగ,
ఆ తర్వాత, దానికి ఇష్టమైతే, కదలిక.

నేను తూకం గదిలో ఉంటాను.
ఇరవై రెండేళ్ళుగా నా కిటికీకి తెలిసినవి వ్యాగన్లే.
నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి,
రెండు అంకెల మధ్య తేడాని రాసుకుని
దాన్నే సరుకు అంటాం.
తోసే ఇంజన్ని మాత్రం ఎప్పుడూ తూచలేదు.
వ్యాగన్ని కాటా మీదికి నెట్టి
అది ఇవతలే ఆగిపోయేది,
పెళ్ళిలో వడ్డించే మనిషి విస్తరి ముందు కూర్చోనట్టు.

డ్రైవరు పెంచలయ్య. గూడూరు అవతల ఏదో పల్లె.
చలి తెలియని ఈ ఊళ్ళో కూడా
ధనుర్మాసం తెల్లవారుజామున దానికి బద్ధకమని
గంట ముందే వచ్చి లేపేవాడు.
బానెట్ మీద క్యారేజీ వేడి పెట్టుకునేవాడు.
పప్పుచారులో డీజిలు వాసన రాకపోతే
"ఈ పొద్దు ఉప్పు తగ్గిందే" అనేవాడు.

వానకి పట్టాలు జారతాయి.
చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి.
అప్పుడు మీట లాగితే
పెట్టెలోంచి గొట్టం గుండా
పిడికెడు పొడి ఇసుక చక్రం కిందికి.
ఆ ఇసుకని ఎన్నూరు నుంచి తెప్పించి, జల్లించి,
పాత బాయిలరు రేకు మీద వేయించేవాడు ఫిట్టరు జ్ఞానశేఖరన్,
బఠాణీలు వేయించినంత శ్రద్ధగా.
తన వంకర తెలుగులో చెప్పేవాడు:
"తడిసిన ఇసుకా, తాగినోడి మాటా
టయానికి రాదు సార్."
నన్ను కూడా సార్ అనే అనేవాడు.

విడిభాగాలు దొరకడం మానేశాయి.
ఒకటో నంబరుని విప్పి రెండుకి వేశారు.
రెండుని విప్పి మూడుకి వేశారు.
మూడు కోసం విప్పడానికి
నాలుగు లేదు.

బ్యాటరీ బండి వచ్చింది. పొగ లేదు, దగ్గు లేదు.
ఒక కుర్రాడు నీడలో నిలబడి రిమోట్‌తో నడుపుతాడు.
అన్నం చల్లగా తింటాడు.

వేలం కిలోల లెక్కన.
ఆ రోజు బ్యాటరీ బండే వెనక నుంచి తోసుకొచ్చి
మూడుని నా కాటా మీద నిలబెట్టింది.
పలక మీద ముప్ఫై టన్నులు అని ఉంది.
నా తెర మీద ముప్ఫై ఒకటీ, పైన రెండు వందల నలభై కిలోలు.
పదకొండు పూతల రంగు, ముప్ఫై ఏళ్ళ గ్రీజు, ఇంకా ఏమేమో.
తిరువొత్తియూరు పాత ఇనుము గుమాస్తా
చుట్టూ తిరిగి, మూతలన్నీ తీసి చూసి
"ఇసుకకి ఇనుము రేటు ఇవ్వం" అన్నాడు.

పెంచలయ్య రిటైరై రెండేళ్ళు.
ఎవరూ పిలవలేదు, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.
కాటా దిగువకి నెట్టించి, తనే వంగి గొట్టాలు విప్పాడు.
ఇసుక పట్టాల పక్కన కుప్పగా జారింది.
గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నలిపి
"ఇంకా పొడిగానే ఉండాది" అన్నాడు.
జ్ఞానశేఖరన్ పోయి అప్పటికి నాలుగేళ్ళు.

మళ్ళీ తూచాను.
ముప్ఫై టన్నులూ తొమ్మిది వందల ఎనభై.
గుమాస్తా సంతకం పెట్టాడు.
మొదటి తూకానికీ రెండో తూకానికీ మధ్య
రెండు వందల అరవై కిలోలు మిగిలాయి.
అలవాటైన చెయ్యి,
సరుకు గడిలో రాసేసింది.

పోయిన నెల ఆడిట్ అబ్బాయి పుస్తకం తిప్పుతూ
ఆ వరస మీద పెన్సిల్ పెట్టి అడిగాడు,
"ఈ సరుకు ఎవరికి పంపారు మేడమ్?"

బయట ఐప్పసి వాన.
కాటా దగ్గర బ్యాటరీ బండి ఉన్నచోటే తిరుగుతోంది.
కుర్రాడు రిమోట్ జేబులో వేసుకుని
బూటు కాలితో, పక్కనున్న కుప్పలో పైపొర తొలగించి
లోపలి ఇసుకని పట్టా మీదికి తోస్తున్నాడు.

కిటికీలోంచి అటు చూపించాను.