రిమార్కుల గడి

మెట్టుగూడ బడిలో ముప్పై మూడేళ్ళు
అడ్మిషన్ రిజిస్టర్ రాశాను.
వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ,
చివర వేలెడంత వెడల్పున
రిమార్కుల గడి.

ఎనభై ఏడు జూన్. వాన.
రైల్వే క్వార్టర్ల నుంచి మార్తమ్మ వచ్చింది.
చంకలో ఎనిమిదేళ్ళ కొడుకు,
తడి తువ్వాళ్ళలా వేలాడుతున్న కాళ్ళు.
పేరడిగితే "సంసోను" అంది.
ఆ కాళ్ళకి ఆ పేరా అని
నవ్వాను.
అది ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

"లెక్కలొస్తయి సార్, అడుగుండ్రి."
అడగలేదు.
పిల్లాడే మొదలుపెట్టాడు,
క్వార్టర్ల వెనక పోయే రైళ్ళ నంబర్లు,
ముద్దముద్దగా, ఒక్కొక్క అంకెనీ
నోట్లోంచి తవ్వి తీస్తున్నట్టు.
హెడ్మాస్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ
"ఇలాంటోళ్ళకి బోయిన్‌పల్లిలో ఏదో ఉందట" అన్నారు.
రెండు బస్సులు మారాలి బోయిన్‌పల్లికి.
నంబర్లు ఇంకా అయిపోలేదు.
నేను గడిలో రాశాను: అనర్హుడు.
సిరా బాగా పడింది.

తొంభై ఆరులో సర్క్యులర్ వచ్చింది, చట్టమైందని.
పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువు,
తగిన వాతావరణంలో.
'తగిన' కింద ఎర్ర గీత గీశాను,
కాగితం ఫైల్లో, ఫైలు బీరువాలో,
తాళంచెవి నా జేబులో.
సంసోనుకి పదిహేడొచ్చి ఉంటాయి.
ఇంకో ఏడాది ఉంది వాడికి, అని లెక్క కట్టాను.
లెక్క కట్టి
టీ తాగాను.

చట్టానికి మాత్రం కాళ్ళెక్కడివి?
అదీ ఎవరి చంకనో ఎక్కి రావాల్సిందే.
ఇందిరా పార్కు దగ్గర ధర్నాలో మార్తమ్మని చూశాను,
చేతిలో అట్టముక్క,
చంక ఖాళీ అయినా
ఎడమ నడుం ఇంకా పక్కకే ఒరిగి ఉంది.
నేను బస్సులో ఉన్నాను.
కిటికీ పక్క సీటు, ఈ పక్కది కాదు, ఆ పక్కది అయితే బాగుండేది.

తర్వాతొకసారి స్టేషన్ ఎదురుగా పసుపుపచ్చ ఎస్టీడీ బూత్‌లో
అతనే.
మూడు చక్రాల బండి తలుపుకి ఆనించి ఉంది.
ఎవరో పరుగెత్తుకొచ్చి కాజీపేట ప్యాసింజర్ ఏదంటే
నంబరూ టైమూ చెప్పాడు,
అలాగే, తవ్వి తీస్తున్నట్టు.
నాకు బిల్లు చించి
చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.
నేను మళ్ళీ లెక్కపెట్టుకోలేదు.
గుర్తుపట్టాడా? తెలియదు. అడగడానికి
నేనెప్పుడు నేర్చుకున్నాను గనక.

రెండువేల పదిలో చదువు హక్కయింది,
ఏప్రిల్ ఒకటిన. స్టాఫ్ రూంలో అందరం నవ్వాం.
ఏడు రకాల వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి ఆ పైన.
ఫారాల మీద పాత పదం కొట్టేసి
కొత్త పదం అంటించాను, జిగురు నాదే.
గుమ్మం ముందు మూడు మెట్లు అవే.
ర్యాంపు వచ్చింది, నిట్టనిలువుగా.
దాని మీద డ్రిల్లు మాస్టారి స్కూటరు.

అయినా నవనీత అనే పిల్ల చేరింది.
గంట మోగితే చెవులు మూసుకుని
బల్ల కిందకి దూరేది.
వారానికి రెండు రోజులు వచ్చే కుముదిని టీచరు
ఏ జీవో చూపించలేదు,
తన పాత చున్నీ చింపి
గంట కొట్టే సుత్తికి చుట్టింది.

రిటైరయ్యే రోజు ఎనభై ఏడు రిజిస్టర్ దించాను.
వెండి పురుగులు అంచులన్నీ తిన్నాయి,
ఆ గడి జోలికి పోలేదు.
రికార్డులో కొట్టివేతలు నేరం.
అనర్హుడు.
పక్కన ఇనిషియల్ నాది.

బయట గంట కొట్టారు.
గుడ్డ చుట్టిన సుత్తి కదా,
బాగా దగ్గరగా ఉంటే తప్ప
వినిపించదు.