మిగిలిన వాషరు

మూడంతస్తుల కేకు
నేరేడ్‌మెట్ చౌరస్తా దాటినంక
ఒక్క స్పీడ్ బ్రేకరుకు రెండంతస్తులైంది.
మెకానిక్ చెప్పిన రేటు విని
ఆ రాత్రి పిండి కలుపుకుంట అనుకున్న:
తెల్లసొన పచ్చసొన విడదీసే చెయ్యి
నాలుగు నట్లు విడదీయలేదా?

రాణిగంజ్‌ల ఇరుకు దుకాణం.
ఎర్ర స్ప్రింగులు రెండు, గ్యాసు షాకప్సర్లు నాలుగు,
స్ప్రింగును అదిమిపట్టే కొక్కేలు కిరాయికి.
"బిగించేదెవరమ్మా?" అన్నడు సేటు.
"నేనే" అంటె
బిల్లు మీద పెన్ను ఆగింది.
"కొక్కేలు కట్టినంక స్ప్రింగుకు ఎదురుంగ కూసోకు."
చిల్లరతో పాటు ఇచ్చిన ఆ మాటకు
పైసలు తీసుకోలే.

ఆదివారం. సఫిల్‌గూడల మా అపార్ట్‌మెంటు కింద
రెండు పిల్లర్ల నడుమ నా పాత ఆల్టో
ఒక కాలు ఎత్తి నిలబడ్డది.
వెనక చక్రాలకు ఇటుకలు.
వాచ్‌మన్ బక్కన్న టార్చి పట్టిండు,
పట్టుమని నేను చెప్పలే.

కింద రెండు బోల్టులు.
పదమూడేండ్ల వానలు, చెరువు పొంగిన ఏటి బురద,
అన్నీ కలిసి ఒక్కటే తుప్పు.
కిరసనాయిలు పోసిన. చాయ్ తాగిన. మళ్ళ పోసిన.
ఆఖరికి పానా మీద ఎక్కి నిలబడ్డ.
డాక్టరు తగ్గించుకొమ్మన్న బరువు
ఆ పూట పనికొచ్చింది.
కిర్రుమన్నది.
బోల్టో, నా మోకాలో
కొంతసేపు తెల్వలే.

కొక్కేలు బిగిస్తుంటె
స్ప్రింగు చప్పుడు చెయ్యలే, అదే భయం.
మా పెద్దాడిబిడ్డ పెండ్లిల మాట్లాడకుండ కూసున్నట్టు
చుట్ట మీద చుట్ట దగ్గరికొచ్చింది.
నేను పక్కకు కూసున్న.

పాత షాకప్సరును నొక్కితే
పోయింది పోయినట్టే, లేవలే.
కొత్తదాన్ని నొక్కితే
మెల్లగ, మర్యాదగ, పైకొచ్చింది.
బక్కన్న నొక్కిండు. మళ్ళ నొక్కిండు.
మూడో అంతస్తు పిల్లగాడు సుజన్ వచ్చి నొక్కిండు.
అట్ల పావుగంట పోయింది.

వెనకవి రెండూ తొందరగనే లొంగినయ్.
మెట్ల కాడ లైట్లు వేసే యాళ్ళకు
చక్రాలు ఎక్కినయ్, జాకీ దిగింది.
స్టీలు పళ్ళెంల చూస్తె
ఒక వాషరు.

ఎక్కడిది?
కేకు పడితే పైసలు వాపసిస్త.
చక్రం ఊడితే?
మళ్ళ జాకీ. మళ్ళ ఇటుకలు. ముందు ఎడమ, ముందు కుడి,
విప్పి లెక్కపెట్టి, బిగించి లెక్కపెట్టి,
గోర్ల సందుల గ్రీజు,
ఈ చేతులతోని రేపు క్రీము ఎట్ల ముట్టాలె అన్న రంది.
పదిన్నరకు టార్చి వెలుగు కొద్దిగ వొణికింది.
"మేడం," అన్నడు బక్కన్న,
"గది నా సైకిలు స్టాండుది గావచ్చు.
పొద్దుగాల నేనే పళ్ళెంల ఏసిన.
మీ కాడ పానా ఉన్నది గదా, అడుగుదామని."

మరెందుకడగలే అంటె,
"మీరు పనిల ఉంటిరి."

తిట్టుదామనుకున్న. నవ్వొచ్చింది,
దాని వెనక తిట్టు కూడ వచ్చింది.
ఆ రాత్రి ఆఖరి నట్టు
ఆల్టోది కాదు.

కొత్తవి మెత్తగుంటయనుకున్న. గట్టిగున్నయ్.
ఏ గల్లీల ఎన్ని గుంతలో
నా నడుముకు ఒక్కోటి చదివి వినిపిస్తున్నయ్.
కాని గుంతకు ఒక్క ఊపే, రెండోసారి ఊగుడు లేదు.
నాగారం దాక
కేకు మీది గులాబి తల తిప్పలే.
"అర్ధగంట లేటు" అన్నది ఆమె, డబ్బ తెరవక ముందే.

వాపసొస్తుంటె గేటు తీసిండు బక్కన్న.
సైకిలు తన కాలు మీద తను నిలబడ్డది.
దాని వెనక గోడకు
హ్యాండిల్ ఆనీ ఆనీ పడ్డ నల్లటి గీత.
రోజూ ఆ గోడ పక్కనే
కారు ఆపుతున్న నేను.