బార

బోలుంగార్విక్ రేవులో తాళ్ళ కొట్టు మా పెద్దమ్మ స్టెయిన్‌వోర్‌ది.
కొలబద్ద లేదు. ఆవిడే కొలబద్ద.
తాడు కొస ఎడమ గుప్పిట్లో పట్టి
మిగతాది కుడిచేతిలోంచి జారుతుంటే
ఎగరబోయే పక్షిలా రెండు చేతులూ చాపేది:
ఒక బార.
మళ్ళీ చాపేది. రెండు.
ఎనిమిదో బారకి లెక్క ఆవిడ ఊపిరి మీద నడిచేది.

పొట్టి మనిషి.
"నీ బార కురచ, నా వల నేలని అందుకోదు"
అని గొణిగేవాడు ఎయ్‌విందుర్, తెరచాప కొయ్యంత పొడుగు.
ఏళ్ళకేళ్ళు తగువు తెగక
బల్ల మీద రెండు ఇత్తడి మేకులు దిగాయి
ఆరడుగుల ఎడంతో.
ఆవిడ వాటి వంక చూసేదే కాదు.

మా భాషలో బారకీ కౌగిలికీ ఒకటే మాట.
ఫద్ముర్.
కౌగిలే ముందు పుట్టిందంటారు పాదిరీగారు.
ఎవరో ఒకరు, మనిషి కోసం చాపిన చేతుల్లో
మనిషి లేక
తాడు పెట్టుకొని ఉంటారు.

దాని తోబుట్టువొకటి
ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి చేతులు ముడుచుకుంది.
వాళ్ళకిప్పుడది అర్థం కావడం.
ఎక్కువసార్లు, అర్థం కాకపోవడం.

తాత కాలంలో సీసపు గుండు అడుగున కొవ్వు మెత్తి
నీళ్ళలోకి వదిలేవారు.
పైకి లాగితే లోతొక్కటే కాదు,
అడుగు కూడా కొంచెం అంటుకొని వచ్చేది:
ఇసక, గవ్వ పెంకు, నల్ల బురద.
"పదకొండు బారలు, గవ్వలు!" అని అరిస్తే చాలు
మంచు పొగలో కూడా తాత తన చోటు చెప్పేవాడు.
పదకొండు కౌగిళ్ళ కింద నేల.

ఇప్పుడు ప్రతి పడవలోనూ ఒక తెర.
ప్రతిధ్వని విని మీటర్లు చెప్తుంది.
తప్పు చెప్పదు.
దానికేమీ అంటుకోదు.

మొన్న మార్చిలో ఎయ్‌విందుర్ కొడుకులు వచ్చారు,
నాన్నని గోతిలోకి దించడానికి తాడు కావాలని.
పెద్దమ్మ లేచి
మొదటిసారి మేకుల దగ్గరికి నడిచింది.
మేకు నుంచి మేకుకి, వంగి, వేలితో నొక్కి,
నాలుగు బారలు.
కత్తి పెట్టబోయి ఆగి
ఇంకో మూరెడు వదిలింది.

కొసరెందుకని అడిగాను.
"లేకపోతే వాడు ఊరుకుంటాడా?" అంది,
చేతులు ఇంకా దించకుండానే.