ఫ్యాను దానికే

అల్లిపురంలో నా డీటీపీ షాపుకి వచ్చినవాళ్లు
ముందు అడిగేది ఒకటే:
టేబుల్ ఫ్యాను గోడవైపు తిప్పావేటని.

గోడవైపు కాదు.
పక్క డోరు ఊడదీసిన సీపీయూ వైపు.
పదిహేడేళ్ల సిస్టం.
నా పాత తెలుగు ఫాంట్లు దీన్లోనే నిలబడతాయి,
కొత్తదాంట్లో వేస్తే ఒత్తులన్నీ
బంతి లేచాక గాలికెగిరిన విస్తరాకులు.

నెలకోసారి హీట్ సింకు విప్పుతాను.
పెయింట్ బ్రష్షుతో రేకుల సందుల్లో దులిపితే
రాలేది మామూలు దుమ్ము కాదు,
వేలికంటితే వదలని నలుపు.
పోర్టులో ఏ ఓడ దించిన బొగ్గో
కిటికీలోంచి వచ్చి ఇక్కడ లంగరేసింది.
స్క్రూలకి ఉప్పుగాలి తుప్పు.
సున్నంలా పెళుసైన పాత పేస్టు గీకి
కొత్తది శనగగింజంత.
"అట్టు మీద వెన్న కాదురా పుయ్యడానికి,"
అనేవాడు నాకు పని నేర్పిన కొయ్య సింహాద్రి.

స్క్రీను మూల ఒక అంకె.
మాఘంలో యాభై రెండు.
రోహిణి కార్తె మధ్యాహ్నం అరవై ఎనిమిది.
ఎనభై దాటితే లోపలి ఫ్యాను
నీళ్లందని బోరింగులా అరుస్తుంది.
తొంభైకి దానంతటదే ఆరిపోతుంది.
పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో
రోజూ రాసుకుంటాను, ఎవరూ అడగకపోయినా.

నిన్న జాలారిపేట నుంచి ఒకామె.
పెదకర్మ కార్డులు, వంద.
పెనిమిటి పేరు తెడ్డు ఎల్లాజీ.
వయసు ఆధార్‌లో ఒకటి, ఆమె లెక్కలో ఇంకొకటి.
కొంగుతో ముఖం ఒత్తుకుంటూ ఉంది,
చెమటో ఏడుపో తెలీలేదు.
ఫ్యాను ఆమె వైపు తిప్పాను.

డెబ్బై ఒకటి.
ఫొటో చుట్టూ నల్ల గీత. డెబ్బై ఆరు.
"స్వర్గస్థులైనారు", ఒత్తులు కుదిరేసరికి ఎనభై.
చెయ్యి మౌసు మీద, కన్ను మూల మీద.
కొడుకులు, కోడళ్లు, మనవలు. ఎనభై నాలుగు.
ఆగు బాబూ, ఒక పేరు మర్సిపోనాం, అంది.
తనదే.

"ఆ అంకేటి, అలాగ పెరిగిపోతంది?"
చెప్పాను.
ఆమె లేచి, వల లాగి కాయలు కాసిన చేత్తో
ఫ్యాను మెడ పట్టి
దానివైపు తిప్పేసింది.
"జొరమొచ్చినోడికి కదా గాలి.
నాకేటి, ఒడ్డుకెల్తే బోల్డంత."

ప్రింటు బయటికొచ్చేసరికి తగ్గింది.
పుస్తకం తీసి రాశాను:
మూడుంపావు. డెబ్బై మూడు.
గాలి, దేముడమ్మ.